తలుపు చట్టం మీద గీతలు

చిరంజీవులైన పిల్లలకు,

మీలో ఒక పాప ఇలా అడిగింది: "తమ్ముడికి గుండె కండరం జబ్బు. పోయినసారి ఎకోలో ఇ.ఎఫ్. 48 అన్నారు, ఈసారి 45 అన్నారు. వాడి గుండె ఇంకా బలహీనపడిందా, తాతయ్యా?"

అమ్మా, 48కీ 45కీ ఉన్న ఆ తేడా ఒక్కదాన్నే చూసి దిగులు పడవద్దు. ఎకో అంటే శబ్దంతో గుండెను చూసే పరీక్ష. గుండె ఎడమ కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కొక్క దెబ్బకు ఎంత శాతం బయటికి పోతుందో చెప్పే లెక్కే ఇ.ఎఫ్. కొలిచేది మనిషి కాబట్టి, గుండె మారకపోయినా లెక్క కాస్త మారవచ్చు.

నా చిన్నప్పుడు నాన్నగారు నన్ను తలుపు చట్టానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి, పెన్సిలుతో గీత గీసేవారు. ఒక నెల అక్కయ్య గీసిన గీత పాత గీత కన్నా కిందికి పడింది. నేను పొట్టివాణ్ణి అయిపోతున్నానని వెక్కి వెక్కి ఏడ్చాను. నాన్నగారు ఏమీ అనకుండా నన్ను మళ్ళీ నిలబెట్టి మూడుసార్లు గీశారు. మూడు గీతలూ ఒకచోట పడలేదు.

నేనైతే కదలకుండా నిలబడ్డాను. గుండె నిలబడదు కదా! చెవికి వినిపించని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనితో దాన్ని చూడవచ్చని 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు చూపించారు. స్కేలు వాలినట్టే, ఛాతీకి ఆనించి శబ్దం పంపే ప్రోబ్ అనే పరికరం కాస్త వాలితే గుండె గోడ ఏటవాలుగా తెగి, ఉన్నదానికన్నా మందంగా కనబడుతుంది. 4 సెంటీమీటర్ల గది వెడల్పును 4.2 అని గుర్తిస్తే తప్పు 5 శాతమే, కానీ ఆ వెడల్పును ఘనం చేసి గది పరిమాణం కడితే తప్పు దాదాపు 16 శాతానికి పెరుగుతుంది. అందుకే కొన్ని దెబ్బలు కొలిచి సగటు తీస్తారు, వీలైతే పాత బొమ్మలను పక్కన పెట్టుకుని ఒకే మనిషి చూస్తారు. పిల్లలతోపాటు గుండె కూడా పెరుగుతుంది కనుక, వచ్చిన కొలతను ఒంటి పరిమాణంతో సరిపోల్చి చూస్తారు.

వరుసగా ప్రతి ఎకోలోనూ గీత దిగుతూ వస్తే అది కొలత తేడా కాకపోవచ్చు; దాన్ని తేల్చవలసింది డాక్టరుగారు. అంతవరకు తమ్ముడి మందులు ఒక్క పూట కూడా తప్పనివ్వకండి.

ఈసారి నువ్వూ వెంట వెళ్ళు. వాడు ఏడిస్తే గుండె వేగం పెరిగి కొలవడం కష్టమవుతుంది, కాబట్టి చెయ్యి పట్టుకుని మెల్లగా కబుర్లు చెప్పు. అంకెలు వచ్చేలోపు తెర వైపు చూడు: గుండె కవాటానివి రెండు పలుచని రెప్పలు తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంటాయి. అవి నీకు ఎలా కనిపించాయో నాకు రాయి.

మీ తాతయ్య