ఆ పొయ్యి ఎవరిదని అడిగారుగా

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో అమెరికాలోని న్యూ మెక్సికోలో ఉన్న టావోస్ ప్యూబ్లో అనే ఆదివాసుల ఊరు చూపిస్తే, ఆ బోర్లించిన కుండలాంటి మట్టి పొయ్యి ఇక్కడి ఆదివాసులదా, స్పెయిన్ వాళ్లదా అని అడిగారు, ఈలోపు మీ అత్త కారెక్కమని తొందరపెట్టేసింది, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

దాన్ని ఓర్నో అంటారు. న్యూ మెక్సికోకి తెచ్చింది స్పెయిన్ వాళ్లే, గోధుమలు, గొర్రెలు కూడా వాళ్లతోనే వచ్చాయి. అంతకుముందు ప్యూబ్లో వాళ్ల తిండి మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి. కానీ ఇప్పుడు పండగొస్తే ఆ పొయ్యిలో రొట్టె కాల్చేది ప్యూబ్లో ఆడవాళ్లే. నేను చూసినావిడ లోపల కట్టెలు బాగా మండనిచ్చి, నిప్పులూ బూడిదా బయటికి లాగేసి, తడిగుడ్డ చుట్టిన కర్రతో అడుగు తుడిచి, కాగితం ముక్క వేసి ఎంతసేపట్లో మాడుతుందో చూసి, అప్పుడు పెట్టింది పిండి ముద్దలు.

గోడలూ అంతే. తడిమట్టి వరసలు వరసలుగా పేర్చి ఇళ్లు కట్టడం వీళ్లకి ముందే వచ్చు, చెక్క అచ్చులో గడ్డి కలిపిన మట్టి పోసి పచ్చి ఇటుకలు చెయ్యడం స్పెయిన్ వాళ్లు నేర్పారు. పొలాలకి నీళ్లు పారే కాలవల్ని అసేకియా అంటారు, ఆ మాట అరబిక్‌ది, స్పెయిన్ మీదుగా ఇక్కడికొచ్చింది. ఏటా వసంతంలో రైతులంతా పారలు పట్టుకొచ్చి పూడిక తీస్తారు, ఎవరి వంతు ఎప్పుడో చూడ్డానికి మయోర్‌దోమో అనే కాలవ పెద్ద ఉంటాడు, అచ్చం మన ఊళ్లో నీరటి లాగే!

ఇదంతా చదివి రెండు వర్గాలూ కలిసిమెలిసి ఉన్నాయనుకునేరు. 1598లో ఓన్యాతే అనేవాడు స్పెయిన్ తరఫున వలసవాళ్లని తెచ్చాడు, మరుసటి ఏడే ఆకొమా అనే ప్యూబ్లో వాళ్ల ఊరి మీద పడి వందలమందిని చంపించాడు, పాతికేళ్లు దాటిన మగాళ్లకి ఒక కాలి పాదం నరకమని శిక్ష వేశాడు. తర్వాత ఏళ్ల తరబడి కప్పం, వెట్టి, తమ సొంత దేవుళ్లని కొలిస్తే కొరడా దెబ్బలు. 1675లో అలా దెబ్బలు తిన్నవాళ్లలో పోపే అనే ప్యూబ్లో మతపెద్ద ఒకడు. ఆయన ముడులేసిన తాళ్లు ఇచ్చి ఊరూరికీ పరుగు మనుషుల్ని పంపాడు, రోజుకో ముడి విప్పాలి, ముడులు అయిపోయిన రోజు తిరగబడాలి. 1680 ఆగస్టు 10న లేచారు. స్పెయిన్ వాళ్లు 12 ఏళ్ల పాటు మళ్లీ పట్టు సాధించలేకపోయారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఏంటంటే, స్పెయిన్ విత్తనాలు కూడా కాల్చేసి మన మొక్కజొన్న, చిక్కుళ్లే వేసుకుందాం అన్నాడట పోపే, కానీ జనం గొర్రెల్ని వదులుకోలేదు. ఏది ఉంచుకోవాలో వాళ్లే తేల్చుకున్నారు. 1692లో స్పెయిన్ వాళ్లు తిరిగొచ్చారు గానీ ఆ పాత కప్పం పద్ధతి మళ్లీ పెట్టలేకపోయారు.

పొయ్యి సంగతి కదా అడిగారు. వర్షాలకి దాని పైపూత ఊడిపోతుంటుంది, ఎప్పటికప్పుడు మట్టి కలిపి చేత్తోనే అలికి నిలబెట్టుకుంటోంది ఆవిడ. నన్నడిగితే అది ఆవిడదే.

మీ తాతయ్య