పార్కు మట్టిని కొలిచేటప్పుడు ఏమడగాలి?

2011 అక్టోబరులో టోక్యోలోని సెటగాయా వార్డులో ఓ వీధి పక్కన గంటకు 2.7 మైక్రోసీవర్ట్‌ల (శరీరానికి తగిలే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) రేడియేషన్ నమోదైంది. ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి అప్పటికి ఏడు నెలలే. జనం టెన్షన్ పడ్డారు. తీరా చూస్తే అక్కడి పాత ఇంటి నేల కింద సీసాలు బయటపడ్డాయి. వాటిలో ఉన్నది రేడియం అనే రేడియోధార్మిక మూలకం, ఫుకుషిమాతో సంబంధం లేనిది. అదే నెల టోక్యో దగ్గరి కషివాలో, 30 సెంటీమీటర్ల లోతు మట్టిలో గంటకు 57.5 మైక్రోసీవర్ట్‌లు కనిపించాయి. అది మాత్రం ఫుకుషిమా ప్రమాదంలో వెలువడ్డ సీజియం అనే రేడియోధార్మిక మూలకమే. పగిలిన కాలువలోంచి వాననీరు ఒకే చోట ఇంకి, అక్కడ పోగైంది.

చేతిలో పట్టుకునే గైగర్ కౌంటర్ రేడియేషన్ ఎంతో చెబుతుంది, దేని నుంచి వస్తోందో చెప్పలేదు. అందుకే మట్టిని ల్యాబ్‌కు పంపాలి. అక్కడ ఎండబెట్టి, జల్లెడ పట్టి, గాలి చొరబడని డబ్బాలో మూసి దాదాపు నెల రోజులు కదపకుండా ఉంచుతారు. ఈ ఆగడం చాలా ముఖ్యం. రేడియం నుంచి రాడాన్ అనే వాయువు పుడుతుంది. తవ్వి ఆరబెట్టేటప్పుడు అది కొంత ఎగిరిపోతుంది. రేడియంను మనం ఎక్కువగా పట్టుకునేది రాడాన్ తర్వాత పుట్టే సీసం-214, బిస్మత్-214ల (పక్కనున్న అంకె ఆ మూలకంలో ఏ రకమో చెబుతుంది) గామా కిరణాల ద్వారానే. రాడాన్ అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, 3.8 రోజులు కాబట్టి, నాలుగు వారాలకు డబ్బాలో పుట్టే రాడాన్, విచ్ఛిన్నమయ్యే రాడాన్ దాదాపు సమమవుతాయి. తొందరపడితే రేడియం తక్కువగా తేలుతుంది.

ఆ తర్వాత డబ్బాను మందపాటి సీసపు గోడల మధ్య, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టర్ దగ్గర గంటల తరబడి ఉంచుతారు. ఒక్కో పదార్థం గామా కిరణాలకు ఒక్కో శక్తి ఉంటుంది. డిటెక్టర్ గ్రాఫులో 609 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (శక్తి కొలత) దగ్గర గీత లేస్తే బిస్మత్-214, 662 దగ్గరైతే సీజియం-137, 1461 దగ్గరైతే పొటాషియం-40.

మామూలు మట్టిలోనూ ఇవి ఉంటాయి. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ 2000 నివేదిక ప్రకారం ప్రపంచ సగటున కిలో మట్టిలో పొటాషియం-40 సుమారు 400 బెకరెల్స్. అంటే సెకనుకు 400 పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయన్నమాట. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోలాగా గ్రానైట్ అరిగి ఏర్పడ్డ మట్టిలో యురేనియం, థోరియం, పొటాషియం కాస్త ఎక్కువుండటం సహజం. దానికి భయపడక్కర్లేదు.

సీజియం దారి వేరు. అది బంకమట్టి రేణువులను పట్టుకుని ఎక్కువగా పైపొరలోనే ఉండిపోతుంది, నీటితో కొట్టుకొచ్చిన ఒండ్రుతో పల్లానికి చేరుతుంది. కాబట్టి పచ్చిక మధ్యలో ఒక్క గుప్పెడు తీస్తే సరిపోదు. పిల్లలాడే ఇసుక, కాలువ అంచు, నీళ్లు నిలిచే పల్లం, ఇలా ప్రతిచోటా వేర్వేరు లోతుల్లో తీయాలి. ఫలితాన్ని ఒకే అంకెగా కాక, ఏ మూలకం ఎంత, ఎంత లోతున అన్నది విడివిడిగా ప్రజల ముందు పెట్టాలి.