తాజా అంజీర్ పాలను ఎందుకు విరిచేస్తుంది?

చిత్తూరు నుంచి ఒక గృహిణి అడిగిన ప్రశ్న ఇది: "సార్, ఎండు అంజీర్ నానబెట్టి మిల్క్‌షేక్ చేస్తే ఎప్పుడూ బాగానే వస్తుంది. ఈసారి బండి మీద తాజా పండ్లు కనిపిస్తే కొని అదే మాదిరి చేసినా. పిల్లోళ్లు స్కూలు నుంచి వచ్చేలోపల గ్లాసులో నీళ్లు వేరే, పలుకులు వేరే అయిపోయినాయి. నోట్లో పెట్టుకుంటే చేదు. పాలు పాడయినాయా, లేకపోతే పండ్లకేమన్నా మందు కొట్టినారా?"

పాలూ మంచివే అమ్మా, పండ్లూ మంచివే. ఆ గ్లాసులో జరిగింది నాకు చాలా ఇష్టమైన రసాయన చర్య. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

తాజా అంజీర్ తొడిమ విరిస్తే తెల్లటి చెట్టుపాలు కారుతాయి. అందులో ఫిసిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. దాని పని ప్రోటీన్లను కత్తిరించడం. పచ్చి బొప్పాయిలోని పపైన్, అనాసలోని బ్రొమెలైన్ కూడా ఈ జాతివే. అంజీర్ నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి అనే సంగతి, దానిలో దూరి పరాగ సంపర్కం చేసే బుల్లి కందిరీగ కథ మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. అది ఇక్కడ మళ్లీ చెప్పను. మేడిపండు పాఠం గుర్తొచ్చి అంజీర్ ముట్టనివాళ్ల కోసం ఒక్క మాట: మన మార్కెట్‌కు వచ్చే పుణె రకం కాయడానికి కందిరీగతో అవసరమే లేదు.

ఇక పాల సంగతి. ఆవుపాల ప్రోటీన్లలో ఐదింట నాలుగు వంతులు కేసీన్. అది పాలలో విడివిడి అణువులుగా తిరగదు. వేలకొద్దీ కేసీన్ అణువులు కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి 100 నుంచి 200 నానోమీటర్ల ఉండలు కడతాయి. వీటిని మైసెల్స్ అంటారు. ఒక్క చుక్క పాలలో లెక్కపెట్టలేనన్ని ఉన్నా ఇవి ఒకదానికొకటి అంటుకోవు. కారణం కప్పా-కేసీన్. ఈ రకం కేసీన్ ఉండ పైభాగంలో కూర్చుని తన తోకను బయటికి చాచి ఉంచుతుంది. ఆ తోకల మీద ఋణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒక ఉండ ఇంకో ఉండను దగ్గరికి రానివ్వదు.

తిరుమల మాడ వీధుల్లో వాన పడుతున్నప్పుడు జనం గొడుగులు విప్పుకుని నడవడం చూసే ఉంటారు. ఎంత రద్దీ అయినా మనిషికీ మనిషికీ మధ్య గొడుగంత దూరం ఉంటుంది. కప్పా-కేసీన్ తోకలే ఆ గొడుగులు. పాలలో నిమ్మరసం పిండితే ఆమ్లం వల్ల తోకల మీది ఆవేశం తగ్గి గొడుగులు ముడుచుకుంటాయి. మనుషులు ఒకరినొకరు ఆనుకుని గుంపు కడతారు. అదే పన్నీరు. చీజ్ తయారీలో వాడే రెన్నెట్‌ది ఇంకో పద్ధతి. కప్పా-కేసీన్ 169 అమైనో ఆమ్లాల (ప్రోటీన్లను కట్టే చిన్న అణువుల) గొలుసు. దూడ కడుపు నుంచి తీసే రెన్నెట్‌లోని కైమోసిన్ ఆ గొలుసులో 105వ, 106వ అమైనో ఆమ్లాల మధ్య ఉన్న బంధాన్ని వెతికి పట్టుకుని తెంపుతుంది. గొడుగు పిడి దగ్గర ఒకే ఒక్క కోత. మనిషికి ఏమీ కాదు, గొడుగు మాత్రం ఊడిపోతుంది.

ఫిసిన్ కూడా గొడుగులు కోస్తుంది, కానీ అక్కడితో ఆగదు. దానికి ఫలానా చోటే కొయ్యాలనే పట్టింపు చాలా తక్కువ. గొడుగు అయ్యాక కండువా, కండువా అయ్యాక చొక్కా, ఏది అందితే అది ముక్కలు చేస్తూ పోతుంది. అలా తెగిన ముక్కల్లోనే చేదు ఉంది. బీటా-కేసీన్ అనే ఇంకో రకం కేసీన్‌లో నీటికి దూరంగా ఉండే అమైనో ఆమ్లాలు ఎక్కువ. గొలుసు మొత్తంగా ఉన్నప్పుడు వాటి రుచి మనకు తెలియదు. చిన్న ముక్కలు కాగానే అవి నాలుక మీది చేదు గ్రాహకాలకు అతుక్కుంటాయి. అంజీర్ చెట్టుపాలతో పాలు గడ్డకడతాయని అరిస్టాటిల్ కాలం నాటి గ్రీకులకే తెలుసు. అయినా చీజ్ తయారీలో రెన్నెట్‌దే పైచేయి అయింది. ఈ చేదు అందుకు పెద్ద కారణం.

ఫిసిన్ కోసే తీరు కూడా చెప్పాలి. ఈ ఎంజైమ్ నడిబొడ్డున సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంది, దాని కొసన ఒక గంధకపు పరమాణువు. పక్కనే ఉన్న హిస్టిడిన్ ఆ గంధకం నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది. ఋణావేశం పొందిన గంధకం ప్రోటీన్ గొలుసులోని కార్బన్‌ను ముట్టడిస్తుంది. గొలుసు రెండు ముక్కలై ఒక ముక్క విడిపోతుంది, రెండోది కాసేపు గంధకానికే అంటుకుని ఉంటుంది. తర్వాత నీటి అణువు వచ్చి దాన్నీ విడిపిస్తుంది. ఎంజైమ్ మళ్లీ మొదట్లో ఎలా ఉందో అలాగే ఇంకో బంధం మీదికి వెళ్తుంది. ఇలా వరసగా కోసుకుంటూ పోతుంది కాబట్టే గ్లాసెడు పాలకు నాలుగైదు చుక్కల చెట్టుపాలు చాలు.

మనం పాలను కాచకుండా వాడం. కాచినప్పుడు పాల తేటలో ఉండే బీటా-లాక్టోగ్లోబులిన్ అనే ప్రోటీన్ విచ్చుకుని కప్పా-కేసీన్‌కు అంటుకుంటుంది. అంటే గొడుగుల మీద ఇంకో పొర కవరు కప్పినట్టు. గట్టి గడ్డ కట్టడం కష్టమవుతుంది. అందుకే ఆ గ్లాసులో ముద్ద కాకుండా పలుకులు వచ్చాయి. చల్లదనం సంగతీ ఇలాంటిదే. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో కోతలు నెమ్మదిగా సాగుతుంటాయి, కానీ కోసిన ఉండలు అతుక్కోవడానికి వెచ్చదనం కావాలి. కాబట్టి మిక్సీ ఆపగానే చూస్తే షేక్ బాగానే కనిపిస్తుంది. మన ఎండల్లో ఒక గంట బయట పెడితే గుట్టు బయటపడుతుంది.

తొమ్మిది, పది తరగతులకు సైన్స్ చెప్పే టీచర్లకు ఒక విన్నపం. ఎంజైమ్ అనగానే తాళం, తాళంచెవి బొమ్మ గీసి వదిలేస్తున్నాం. ఒక కాచని ప్యాకెట్ పాలు, రెండు పచ్చి అంజీర్లు లేదా ఒక బొప్పాయి కాయ తెప్పించండి. పాలను గోరువెచ్చగా చేసి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదానిలో నాలుగు చుక్కల చెట్టుపాలు, రెండోదానిలో నీళ్లలో మరిగించిన చెట్టుపాలు వేయించండి. మొదటిది గడ్డకడుతుంది, రెండోది కట్టదు, ఎందుకంటే మరిగిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. పిల్లలు ఆ పీరియడ్‌ను మర్చిపోరు. రుచి చూడనివ్వకండి, చేతులు మాత్రం సబ్బుతో కడిగించండి.

చెట్టుకు ఇదంతా ఎందుకు? పురుగుల నుంచి కాపాడుకోవడానికి. 2004లో జపాన్ శాస్త్రవేత్తలు బొప్పాయి, అత్తిజాతి (అంజీర్ కూడా ఈ జాతిదే) ఆకుల మీద పురుగులను వదిలి చూశారు. మామూలు ఆకు తిన్న గొంగళిపురుగులు ఎదగలేదు, చచ్చిపోయాయి. ఆకులను సన్నగా తరిగి చెట్టుపాలు పోయేలా కడిగి పెడితే హాయిగా తిన్నాయి. ఈ తరహా ఎంజైమ్‌లను ఆపే మందు ఆకు మీద పూసి పెట్టినా బతికాయి. అంటే పురుగును చంపుతున్నది ఆ కత్తిరింపే. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులకు మేపే మల్బరీ కూడా అంజీర్ కుటుంబానిదే. దాని చెట్టుపాలలో చక్కెరను పోలిన విషాలుంటాయి, వేరే గొంగళిపురుగులు వాటికి తట్టుకోలేవు. పట్టుపురుగు మాత్రం వాటిని అరాయించుకోవడం నేర్చింది. మన జిల్లా రైతుల ఇళ్లలో రోజూ సాగే ఆ మేత వెనుక లక్షల ఏళ్ల పోరాటం ఉందని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అంజీర్ చెట్టుపాలను పులిపిర్లకూ బొల్లి మచ్చలకూ రాసుకోమని చెప్పేవాళ్లున్నారు. దయచేసి రాయకండి. అందులోనూ ఆకుల్లోనూ సొరాలెన్, బెర్గాప్టెన్ అనే పదార్థాలుంటాయి. చర్మం మీద పడి, దానికి ఎండ తోడైతే కాలిన బొబ్బలు లేస్తాయి. ముఖ్యంగా పిల్లల చేతుల మీద ఈ ప్రయోగాలు వద్దు. రబ్బరు లేటెక్స్ పడనివాళ్లలో కొందరికి అంజీర్ కూడా పడదు, వాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ఇక పాలు, పండు కలిపితే కడుపులో విషమవుతుందన్న భయానికి ఆధారం లేదు. ఏ పాలు తాగినా కడుపులోకి వెళ్లగానే ఆమ్లమూ పెప్సిన్ అనే జీర్ణ ఎంజైమూ కలిసి వాటిని విరిచేస్తాయి. జీర్ణం మొదలయ్యేదే అలా.

వంటింట్లో ఫిసిన్‌ను ఆపడం తేలిక. దాని బలమంతా 50, 60 డిగ్రీల దగ్గర. 80 దాటి కొన్ని నిమిషాలు ఉడికితే చచ్చిపోతుంది. ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో పెడితే నిద్రపోతుందే కానీ చావదు. కాబట్టి తొడిమ, తొక్క తీసేసి, ముక్కలను రెండు చెంచాల నీళ్లతో ఐదారు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, అప్పుడు పాలలో వేయండి. పాయసానికీ ఇదే పద్ధతి. పెరుగులో పచ్చి ముక్కలు వేస్తే వెంటనే తినేయండి. ఎండు అంజీర్‌తో ఈ గొడవ లేదు. చెట్టు మీద పూర్తిగా పండాకే వాటిని ఎండబెడతారు, పండేకొద్దీ చెట్టుపాలు తగ్గిపోతాయి. తాజా పండ్లు దూరం నుంచి రావాలి, మెత్తబడితే రెండు మూడు రోజులు కూడా ఆగవు. అందుకే కాస్త గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు. కోశాక మెత్తబడతాయి కానీ పెద్దగా తియ్యబడవు. మెడ వాలి, తొక్క సన్నగా చిట్లి, తొడిమ దగ్గర పాలు రానివి ఏరుకోండి. పెదవులు చురచురమంటే అది గట్టికాయ అన్నమాట.

జెలటిన్ జెల్లీలో పచ్చి అంజీర్ వేస్తే ఎంతసేపు ఫ్రిజ్‌లో పెట్టినా గట్టిపడదు. జెలటిన్ ప్రోటీన్, ఫిసిన్ దాన్ని నీరు చేసేస్తుంది. రంజాన్‌కు మన ముస్లిం ఇళ్లలో చేసే చైనా గ్రాస్ మాత్రం చక్కగా గట్టిపడుతుంది, ఎందుకంటే అది సముద్రపు నాచు నుంచి తీసిన పిండిపదార్థం. అందులో కొయ్యడానికి ప్రోటీనే లేదు. ముదురు మటన్‌కు పచ్చి బొప్పాయి ముద్ద పట్టించడం మనకు తెలిసిందే. గట్టి అంజీర్ ముద్ద కూడా ఆ పని చేస్తుంది. అరగంట చాలు. రాత్రంతా ఉంచితే పైపొర గుజ్జవుతుంది, లోపల మాత్రం గట్టిగానే ఉంటుంది.

పోషకాల గురించి గొప్పలు విని కొనేవాళ్ల కోసం లెక్కలు: 100 గ్రాముల తాజా అంజీర్‌లో 79 గ్రాములు నీరే. 74 కేలరీలు, 16 గ్రాముల చక్కెర, దాదాపు 3 గ్రాముల పీచు, 232 మిల్లీగ్రాముల పొటాషియం. ఎండితే అదే 100 గ్రాముల్లో చక్కెర 48 గ్రాములు, పీచు దాదాపు 10 గ్రాములు. మలబద్ధకానికి ఈ పీచు పనికొస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు తాజా పండు ఒకటో రెండో తినడం వేరు, ఎండువి గుప్పెడు తినడం వేరు. "అంజీర్ తింటే రక్తం పడుతుంది" అనే మాటను మాత్రం నేను ఒప్పుకోను. 100 గ్రాముల తాజా పండులో ఇనుము 0.37 మిల్లీగ్రాములు. 2020 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. రక్తహీనత ఉన్న ఆడపిల్లకు ఖరీదైన అంజీర్ పెట్టి, డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు మానేయడం ఆమెకు చేసే అన్యాయం. కాల్షియం 35 మిల్లీగ్రాములు. మన రాగిపిండిలో అంతకు పది రెట్లు. రాగిజావలో తీపికి బెల్లం బదులు రెండు పండ్లు చిదిమి వేసుకోండి, బ్రహ్మాండంగా ఉంటుంది.

ఎక్కువ పండ్లు దొరికితే జామ్ చేయొచ్చు. మామిడికీ ఉసిరికీ ఉన్నంత పులుపు అంజీర్‌కు లేదు. పులుపు చాలని జామ్‌ను గాలి తగలకుండా మూసిపెడితే బాట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ కలిగించే బాక్టీరియా పెరగొచ్చు. ఉడికేటప్పుడు నిమ్మరసం ధారాళంగా పిండండి, సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచండి.