చారిత్రక పాత్రకు నటుణ్ని వెతకడం: అపోహలు - వాస్తవాలు

నిజంగా బతికిన మనిషి మీద సినిమా అనగానే క్యాస్టింగ్ ఆఫీసుకు ముందు వచ్చే ఫోన్లు ఇవే: "మావాడు అచ్చం ఆయనలాగే ఉంటాడు సార్, ఒక్కసారి ఫొటో చూడండి." అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. గెటప్‌తో మార్చగలిగే వాటిని చూసి నటుణ్ని తీసుకుంటారు. మార్చలేనివి షూటింగ్ మొదలయ్యాక బయటపడతాయి.

అపోహ: అచ్చుగుద్దినట్టు ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఫొటోలో కనిపించే పోలిక ఒక్క కోణానిది. మనిషి కదిలితే, నోరు తెరిస్తే అది చెదిరిపోతుంది. జుట్టు మొదలయ్యే గీత, కనుబొమలు, మీసం, ముక్కు, పళ్లు, ఒంటి లావు, ఇవన్నీ మార్చుకోవచ్చు. రెండు కళ్ల మధ్య దూరం, పుర్రె పరిమాణం, భుజాల వెడల్పు, మెడ పొడవు మాత్రం చేతిలో ఉండవు. ముందు చూడాల్సింది వీటినే. చిన్న తలకు విగ్గు పెట్టి పెద్దది చేయొచ్చు. పెద్ద తలకు విగ్గు పెడితే ఇంకా పెద్దదవుతుంది.

పోల్చే పద్ధతి కూడా ముఖ్యమే. అసలు వ్యక్తివి ఎదురు, ముప్పావు, పక్క కోణాల్లో మూడు ఫొటోలు తీసుకుని, నటుణ్ని కూడా అదే కోణంలో, కెమెరాను కళ్ల ఎత్తులో పెట్టి తీయాలి. సెల్‌ఫోన్ దగ్గర పెట్టి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. ఆ ఫొటో చూసి మంచి నటుణ్ని కాదనుకున్న సందర్భాలు తక్కువేం కాదు. పాతకాలపు స్టూడియో ఫొటోల్లో రీటచింగ్ ఎక్కువ, వాటికన్నా గ్రూప్ ఫొటోలు నమ్మదగ్గవి. పక్కవాళ్లతో పోల్చితే ఎత్తు, నిలబడే తీరు తెలుస్తాయి.

కళ్లద్దాల దగ్గర దాదాపు అందరూ పొరపడతారు. మైనస్ పవర్ అద్దాల వెనక కళ్లు చిన్నగా కనిపిస్తాయి. అసలు వ్యక్తి ఫొటోలన్నీ ఆ అద్దాలతోనే ఉంటే మనం చూస్తున్నది ఆయన కళ్లు కాదు, అద్దం చిన్నది చేసిన కళ్లు. అదే ఫ్రేములో మామూలు గాజు వేసి నటుడికి పెడితే ముఖం తేడాగా ఉంటుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. అందుకే సహజంగానే కాస్త చిన్న కళ్లున్న వాళ్లను చూడాలి.

అపోహ: వయసు సంగతి మేకప్ చూసుకుంటుంది.

పెంచడం వరకు చూసుకుంటుంది. తగ్గించడం చాలా కష్టం. ముఖాన్ని ఎలాగో లాక్కొచ్చినా మెడ, చేతులు, మెట్లెక్కే తీరు పట్టిచ్చేస్తాయి. అందుకే జీవితం మొత్తం చూపించే కథకు, ఆ వయసుల్లో నడిమికి కాస్త ఇవతల ఉన్న నటుణ్ని తీసుకోవడం మేలు. 1982 నాటి 'గాంధీ' సినిమాలో గాంధీజీ 23 ఏళ్ల బారిస్టరుగా రైల్లోంచి గెంటివేతకు గురైన దగ్గర్నుంచి 78 ఏళ్ల మరణం దాకా కనిపిస్తారు. షూటింగ్ నాటికి ఆ పాత్ర వేసిన బెన్ కింగ్‌స్లీకి ఇంకా నలభై నిండలేదు. బ్రిటన్ రాణి ఎలిజబెత్ జీవితం మీద వచ్చిన 'ది క్రౌన్' సిరీస్ వాళ్లు మరో దారి పట్టారు. రెండేసి సీజన్లకు ఒకసారి నటీనటులనే మార్చేశారు. సిరీస్‌కు అది కుదిరింది. రెండున్నర గంటల సినిమాలో ప్రేక్షకుడు కొత్త ముఖానికి అలవాటు పడేలోపే కథ అయిపోతుంది.

అయితే కాగితం మీది వయసు, తెర మీది వయసు ఒకటి కావు. 'మహామంత్రి తిమ్మరుసు' (1962)లో కృష్ణదేవరాయలు ఎన్టీఆర్, ఆయన "అప్పాజీ" అని పిలుచుకునే తిమ్మరుసు గుమ్మడి. నిజానికి గుమ్మడి పుట్టింది 1927లో, ఎన్టీఆర్ 1923లో. తండ్రిలాంటివాడు కొడుకులాంటివాడికన్నా నాలుగేళ్లు చిన్న! గొంతులో బరువు, తొందరలేని నడక ఉన్న నటుడికి వయసు పెంచడం అంత తేలిక.

చిన్నప్పటి పాత్రకు పిల్లల్ని పెద్ద నటుడు ఖరారయ్యాకే వెతకాలి. పిల్లవాడు చారిత్రక వ్యక్తిని కాదు, ఆ నటుణ్ని పోలాలి. చెవులు, కనుబొమలు, గడ్డం కలిస్తే చాలు.

అపోహ: ఫొటోల్లేని కాలం వాళ్లయితే ఎవరైనా సరిపోతారు.

ఫొటో లేకపోయినా జనం మనసులో బొమ్మ ఉంటుంది. వేమన అంటే క్యాలెండర్ బొమ్మ, రాయలవారంటే ఎన్టీఆర్. రికార్డు చెప్పేది ఒక్కోసారి దీనికి పూర్తిగా వేరు. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ రాయలవారిని కళ్లారా చూసి రాశాడు: మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ, సన్నమనే కన్నా కాస్త లావైన ఒళ్లు, ముఖం మీద మశూచి మచ్చలు. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయలవారి విగ్రహం తల మీద ఉన్నది పొడవాటి టోపీ, మన సినిమాల కిరీటం కాదు. ఆరడుగుల కండల వీరుడే కావాలని దర్శకుడు అడిగితే అది ఆయన ఇష్టం. అడిగేముందు ఈ సాక్ష్యాన్ని ఆయన ముందు పెట్టడం క్యాస్టింగ్ వాళ్ల పని.

అపోహ: గొంతు కోసం మిమిక్రీ తెలిసిన వాళ్లను తీసుకోవాలి.

అనుకరణ రెండు నిమిషాలు రక్తి కడుతుంది. ఆ గొంతుతో ఏడవమన్నా, భార్యతో గుసగుసలాడమన్నా చేతులెత్తేస్తారు. మాట వేగం, ఎక్కడ ఆగుతారు, వాక్యం చివర గొంతు లేస్తుందా పడుతుందా, ఈ మూడూ పట్టుకుంటే చాలు. అమెరికా అధ్యక్షుడు లింకన్ గొంతు సన్నగా, కాస్త కీచుగా ఉండేదని ఆయన్ను విన్నవాళ్లు రాశారు. 2012 నాటి 'లింకన్' సినిమాలో ఆ పాత్ర వేసిన డేనియల్ డే లూయిస్ గంభీరమైన గొంతు జోలికి పోకుండా ఆ దారినే పట్టాడు.

ఆడిషన్‌లో అందరికీ తెలిసిన ఉపన్యాసం ఇవ్వొద్దు, దాన్ని ఎవరైనా ఒప్పించేస్తారు. మూడు చిన్న సన్నివేశాలివ్వండి: ఎదుటివాడి మాట వింటూ ఊరికే కూర్చోవడం, నేల మీద కూర్చుని భోంచేయడం, గుమాస్తాను మందలించడం. పంచె కట్టించి మెట్లెక్కించండి. జీన్స్‌కు అలవాటుపడ్డ కాళ్లు పెద్ద అంగలేసి కుచ్చిళ్లు తొక్కుకుంటాయి. పరభాషా నటుడైతే డబ్బింగ్ గొంతును కూడా ఈ దశలోనే ఖాయం చేసుకోవాలి. పూర్తయ్యాక వెతికితే పెదాల వేగానికి సరిపోయే గొంతు దొరకదు.

అపోహ: ముఖానికి అతికించే సిలికాన్ ముక్కలు (ప్రోస్థెటిక్) ఉండగా భయమెందుకు?

భయం మన ఎండలది. ముందు నటుడి ముఖానికి ఆల్జినేట్ అనే, అచ్చు తీసే మెత్తటి ముద్ద పూసి, పైన ప్లాస్టర్ కట్టు వేసి అచ్చు తీస్తారు. ముక్కు రంధ్రాలు తప్ప అన్నీ మూసేస్తారు. ఊపిరాడనట్టు కంగారుపడే నటుడైతే పని అక్కడే ఆగుతుంది, కాబట్టి ఆ ప్రశ్న ఆడిషన్‌లోనే అడగాలి. గుండు గీయిస్తారా, మీసం తీస్తారా, తర్వాతి సినిమాకు గడ్డం పెంచుతున్నారా అనేవీ అప్పుడే. అతికించే గమ్‌ను మోచేతి లోపల కాస్త రాసి 24 గంటలు చూడాలి. దద్దురు లేస్తే వేరే గమ్ వెతుక్కోవాలి.

సిలికాన్ ముక్కల అంచులు కాగితం కన్నా పల్చగా ఉంటాయి, తీసేటప్పుడు చిరిగిపోతాయి. అంటే ముప్పై రోజుల షూటింగ్‌కు ముప్పై సెట్లు, పైన కొన్ని అదనం. చెమటకు ముందు లేచేది పైపెదవి, ముక్కు పక్కలు. భోజనం చేశాక నోటి చుట్టూ అంచులు వదులుతాయి, కాబట్టి క్లోజప్‌లన్నీ మధ్యాహ్నంలోపే ముగించాలి. కాల్షీట్ ఆ లెక్కన వేయలేని నటుడికి ప్రోస్థెటిక్ పాత్ర ఇవ్వకపోవడమే నయం. కట్టుడు పళ్లయితే వారం ముందే ఇచ్చేయాలి. శ, స, ష పలకడం కుదుటపడటానికి ఆ మాత్రం పడుతుంది.

అపోహ: కుటుంబం ఒప్పుకోకపోతే సినిమా తీయలేం.

1994 నాటి ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు పబ్లిక్ రికార్డులో ఉన్న విషయాలకు అనుమతి అక్కర్లేదంది. దాన్ని దాటి వ్యక్తిగత జీవితంలోకి వెళ్తే బాధ్యత మనదే. క్యాస్టింగ్‌కు కుటుంబం అవసరం వేరే: ఇంట్లో ఎలా కూర్చునేవారు, కోపమొస్తే ఏం చేసేవారు అన్నది ఏ ఆర్కైవ్‌లోనూ దొరకదు.

అపోహ: హీరో కుదిరితే చాలు, మిగతావాళ్లు ఎవరైనా ఒకటే.

పోలిక పక్కవాళ్ల వల్ల కూడా వస్తుంది. పొట్టి వ్యక్తి పాత్రలో మధ్యస్థ ఎత్తు నటుణ్ని పెట్టి, చుట్టూ పొడుగువాళ్లను నిలబెడితే ఎవరూ కొలత పట్టుకుని రారు.

అసలు దెబ్బ జూనియర్ ఆర్టిస్టుల దగ్గర తగులుతుంది. షేప్ చేసిన కనుబొమలు, పక్కలు గీకేసిన హెయిర్‌కట్, పచ్చబొట్టులో ఇంగ్లిష్ అక్షరాలు, కరువు సీనులో జిమ్ కండలు. వీటన్నిటికన్నా ఎక్కువగా తప్పించుకుపోయేది ఎడమ భుజం మీది బీసీజీ (క్షయ టీకా) మచ్చ. ఆ టీకా మన దేశంలో మొదలైందే 1948లో, మదనపల్లెలో. పదహారో శతాబ్దపు సైనికుడి చొక్కాలేని భుజం మీద అది క్లోజప్‌లో మెరుస్తుంది. కోఆర్డినేటర్‌కు ముందే చెప్పి, మచ్చ ఉన్నవాళ్లకు ఉత్తరీయం ఎడమ భుజం మీదుగా వేయించాలి, లేదా వెనక వరుసకు పంపాలి. సెట్లో రెండొందల మందికి మచ్చలు కప్పుతూ కూర్చుంటే మొదటి షాట్ పదకొండుకు గానీ పడదు.