కొండపల్లి మక్కు, పంటిలోని తెల్ల సిమెంటు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. ఆవిడ తల్లిగారికి ముప్పై ఏళ్ళ కిందట దవడ పంటిలో పెట్టిన వెండి సిమెంటు నేటికీ కదలలేదట. ఈమధ్య ఆవిడ కుమారుడి పుచ్చు పంటికి తెల్ల సిమెంటు పెట్టే ముందు దంతవైద్యురాలు నీలం రంగు యాసిడ్ జెల్ పూయడం చూసి ఆవిడ కలవరపడ్డారు. "పులుపు ఎక్కువ తింటే పళ్ళు అరుగుతాయని చెప్పేవారే పంటికి యాసిడ్ పూయడం ఏమిటి? పన్ను పాడవదా? మంచి జిగురు పూసి అంటించలేరా?" అని ఆవిడ అడిగారు. మూడు ప్రశ్నలకూ కలిపి ఒకటే సమాధానం ఉంది. ఆ సమాధానం దొరికే చోటు విజయవాడకు కూతవేటు దూరంలో ఉన్న కొండపల్లి.

కొండపల్లి బొమ్మను ఒకే చెక్క నుంచి మలచరు. తెల్ల పొణికి కర్రతో తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతుకుతారు. అంబారీ ఏనుగు మీద కూర్చున్న రాజు ఎన్ని దసరాలు బొమ్మల కొలువులో నిలబడినా ఊడి పడకపోవడానికి రెండు కారణాలున్నాయి. పొణికి కర్ర తేలికైనది, గుల్లగా ఉండేది. జిగురు దాని రంధ్రాలలోకి దిగి, అక్కడే గట్టిపడి, వేళ్ళూనుకుంటుంది. ఇక రంపపు పొట్టు ఆ జిగురుకు గట్టిదనాన్ని ఇస్తుంది, ఆరేటప్పుడు ముడుచుకుపోకుండా కాపాడుతుంది. ఉత్త జిగురైతే ఎండి పగుళ్ళు వారుతుంది. నేటి దంతవైద్యంలో వాడే తెల్ల సిమెంటు, అంటే కాంపోజిట్ రెసిన్, సరిగ్గా ఈ రెండు సూత్రాల మీదే నిలబడి ఉంది.

వెండి సిమెంటు సంగతి వేరు. వెండి, తగరం, రాగి పొడిని పాదరసంతో కలిపి చేసే ఆ అమాల్గమ్‌లో బరువు ప్రకారం సగానికి దగ్గరగా పాదరసమే ఉంటుంది. దానికి పంటిని పట్టుకునే గుణం లేదు. అందువల్ల పుచ్చిన భాగం తీసివేశాక, మిగిలిన గుంతను మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా చెంబులాగా తొలిచి అందులో దానిని దట్టించేవారు. ఆ చెంబు ఆకారం కోసం ఏ పాపమూ ఎరుగని మంచి పంటిని కూడా తొలగించవలసి వచ్చేది. పాఠకురాలి తల్లిగారి పంటిలో ముప్పై ఏళ్ళుగా నిలిచినది ఆ చెంబు కట్టుదిట్టమే గాని అంటుకునే శక్తి కాదు.

అంటించడంలో చిక్కంతా పంటి పై పొర అయిన ఎనామిల్‌తోనే వచ్చింది. అది బరువులో 96 శాతం ఖనిజం, మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం, పైగా నున్ననిది. నున్నటి పింగాణీ పళ్ళెం మీద మక్కు ఎంత పూసినా ఆరాక పెళ్ళగా లేచి వస్తుంది. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో పనిచేసిన దంత పరిశోధకుడు మైకేల్ బ్యూనోకోర్‌కు ఒక ఆలోచన తట్టింది. పరిశ్రమలలో లోహానికి రంగు బాగా పట్టేందుకు ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లంతో దాని ఉపరితలాన్ని సిద్ధం చేస్తారు కదా, ఆ పనే పంటికి చేస్తే? 1955లో ఆయన 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఎనామిల్ మీద 30 సెకన్లు ఉంచి, కడిగి, ఆరబెట్టి, ఆపై రెసిన్ (ద్రవంగా పూస్తే గట్టిపడే ప్లాస్టిక్ వంటి జిగురు) పూసి, అది మునుపటికన్నా ఎంతో గట్టిగా పట్టుకుంటుందని ప్రకటించాడు.

ఆ కొద్ది సెకన్లలో జరిగేదాన్ని వివరంగా చూడాలి. ఎనామిల్ సుమారు 5 మైక్రాన్ల మందమున్న కడ్డీలను కట్టకట్టినట్లు పేర్చిన నిర్మాణం. కడ్డీ నడిమి భాగంలో స్ఫటికాలు ఒక దిక్కుకు, అంచుల దగ్గర మరో దిక్కుకు వాలి ఉంటాయి కాబట్టి ఆమ్లం అన్నిచోట్లా ఒకే తీరున కరిగించదు. ఒకచోట ఎక్కువగా, పక్కనే తక్కువగా తింటుంది. ఉపరితలం నుంచి 10 మైక్రాన్ల వరకు పోతుంది, దాని కింద మరికొన్ని పదుల మైక్రాన్ల లోతు దాకా సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లని గుర్తు చేసుకుంటే ఈ నష్టం ఎంత స్వల్పమో అర్థమవుతుంది. ఒక్క మాటలో చెప్పాలంటే, పింగాణీ వంటి ఎనామిల్ కొద్ది లోతు వరకు పొణికి కర్ర వంటిదవుతుంది. రెసిన్ ఆ రంధ్రాలలోకి దిగి గట్టిపడి వాటిని మూసివేస్తుంది. రెసిన్ కప్పని చోట లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు క్రమంగా ఆ లోటును పూడుస్తాయి. పులుపు, పంటి మీది బాక్టీరియా చేసే ఆమ్లం ఏళ్ళ తరబడి పని చేస్తాయి. ఇక్కడ ఆమ్లం ఉండేది 15 నుంచి 30 సెకన్లు, దాని గాఢతా ఇప్పుడు 37 శాతం దగ్గర స్థిరపడింది.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక విషయాన్ని ఇక్కడ తప్పక చెప్పాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించినది అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో, 1937లో. పంటి మీద సున్నపు మచ్చలు, గోధుమ రంగు చారలు ఉన్నవారు ఆ వైపు నుంచి నేటికీ గుంటూరు, విజయవాడ ఆసుపత్రులకు వస్తుంటారు. ఫ్లోరైడ్ చేరిన ఎనామిల్ పై పొర ఆమ్లానికి తేలికగా లొంగదు. దానిని రంధ్రాలమయం చేయాలంటే మామూలు వ్యవధి చాలకపోవచ్చు. పరాయి దేశపు పాఠ్యపుస్తకంలోని 15 సెకన్లను కళ్ళు మూసుకుని పాటించిన వైద్యుడికి ఇలాంటి పంటి మీద సిమెంటు ఎందుకు ఊడిందో అంతుచిక్కదు.

ఇక మక్కు విషయానికి వద్దాం. 1962లో రేఫెల్ బోవెన్ రూపొందించిన బిస్-జి.ఎం.ఎ. అనే పెద్ద అణువు మన చింతగింజ జిగురు స్థానంలో ఉంది. రంపపు పొట్టు స్థానంలో సన్నని గాజు, సిలికా రేణువులు ఉంటాయి. కాంపోజిట్ బరువులో ముప్పాతిక దాకా ఇవే. మక్కులో జిగురు, పొట్టు రెండూ చెట్టు నుంచి వచ్చినవే. చింతగింజలోని జైలోగ్లూకాన్ అనే పిండిపదార్థానికి కర్రలోని సెల్యులోజ్‌తో సహజంగానే చుట్టరికం ఉంది. గాజుకు, రెసిన్‌కు అలాంటి పొత్తు లేదు. అందుకే ప్రతి గాజు రేణువుకూ సైలేన్ పూత పూస్తారు. సైలేన్ అణువు ఒక చివర సిలికాతో ఆక్సిజన్ వంతెన ద్వారా కలుస్తుంది, మరో చివర ఉన్న ద్విబంధం, అంటే రెండు కార్బన్ పరమాణువుల మధ్య ఉండే జంట బంధం, రెసిన్ గొలుసులో భాగమవుతుంది. ఈ పూత లేకపోతే నమిలే ఒత్తిడికి గాజు రేణువులు పొట్టులాగే రాలిపోతాయి.

మక్కు నీరు పోయి ఆరుతుంది. రెసిన్ నీలి వెలుగు తగిలి గట్టిపడుతుంది. ఆ వెలుగును పట్టుకునే కాంఫర్‌క్వినోన్ అనే పసుపు పదార్థం మన హారతి కర్పూరానికి దగ్గరి బంధువు. కర్పూరాన్ని ఆక్సీకరించి దానిని తయారు చేయవచ్చు. 470 నానోమీటర్ల ప్రాంతంలోని నీలి కాంతిని అది పీల్చుకుని, తోడున్న అమైన్ అణువుతో కలిసి స్వేచ్ఛా రాడికల్‌ను, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో దేనితోనైనా కలవడానికి తహతహలాడే అణువు ముక్కను, పుట్టిస్తుంది. ఆ రాడికల్ ఒక ద్విబంధాన్ని తెరిస్తే అది పక్కదానిని తెరుస్తుంది, గొలుసు పెరిగిపోతుంది. అణువులు దగ్గరకు చేరడంతో ఘనపరిమాణం రెండు మూడు శాతం తగ్గుతుంది, అలా ముడుచుకోవడం పంటి గోడలను లోపలికి లాగుతుంది. మక్కును ఒకేసారి మందంగా పెడితే పగిలినట్లే ఇక్కడా జరుగుతుంది. పైగా వెలుగు లోతుగా చొరబడదు. అందుకే సుమారు 2 మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి, ఒక్కొక్క పొరకూ వెలుగు చూపిస్తారు. గాలిలోని ఆక్సిజన్ పై పొరను పూర్తిగా గట్టిపడనివ్వదు, పలుచగా జిడ్డు మిగులుతుంది. తర్వాతి పొర ఆ జిడ్డుతో కలిసిపోతుంది.

పంటి నొప్పికి మన ఇళ్ళలో వాడే లవంగ నూనెలోని యూజెనాల్ ఈ గొలుసుకు శత్రువు. దానిలోని ఫినాల్ భాగం రాడికల్‌కు ఒక హైడ్రోజన్‌ను ఇచ్చి దానిని చల్లబరుస్తుంది, గొలుసు అక్కడితో ఆగిపోతుంది. యూజెనాల్ ఉన్న సిమెంటును కాంపోజిట్ కింద పెట్టకూడదని చెప్పడానికి కారణమిదే. లవంగం నొప్పిని తగ్గించే మాట నిజం, దానిని మూఢనమ్మకమనలేము. వాకుడు గింజల పొగ పట్టి పంటి పురుగులను రాలుస్తామనే మాట మాత్రం పచ్చి అబద్ధం. పంటిలో పురుగు లేదు, ఉన్నది ఆమ్లాన్ని చేసే బాక్టీరియా.

ఎనామిల్ కింద ఉండే డెంటిన్ దగ్గర ఈ విద్య అసలు పరీక్షను ఎదుర్కొంటుంది. డెంటిన్‌లో ఖనిజం 70 శాతమే. మిగిలినది ముఖ్యంగా కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు, నీరు. చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో సన్నని గొట్టాలు పంటి నాడి వైపు నుంచి ద్రవాన్ని పైకి తెస్తుంటాయి. ఆమ్లం ఖనిజాన్ని తీసివేయగానే కొన్ని మైక్రాన్ల లోతున కొల్లాజెన్ వల ఒక్కటే నీటిలో తేలుతూ మిగులుతుంది. దానిని గాలితో బాగా ఆరబెడితే నీటి నుంచి తీసిన చేపల వలలా కుప్పకూలుతుంది, రెసిన్ దూరడానికి సందుండదు. తడి ఎక్కువగా వదిలితే నీరు రెసిన్‌ను అడ్డుకుంటుంది. వల నిలబడేంత తడి మాత్రమే ఉండాలి. పొడిగా కనిపించకూడదు, నీరు నిలవకూడదు. ఆ వలలోకి నీటితో పొసగే అణువుల సాయంతో రెసిన్ చొచ్చుకుపోయి ఏర్పరచే పొర సగం పన్ను, సగం రెసిన్. జపాన్‌కు చెందిన నకబయాషి 1982లో దానిని వర్ణించాడు. సంకర పొర అని దాని పేరు.

దంతవైద్య విద్య గురించి నాకున్న బాధ ఇక్కడే మొదలవుతుంది. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాలల్లో నాలుగేళ్ళ బి.డి.ఎస్., ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటాయి. రెండో ఏడాదిలో దంత పదార్థాల శాస్త్రం పరీక్ష రాస్తారు, బొమ్మ తల మీద పళ్ళు తొలచడం నేర్చుకుంటారు. బొమ్మ తలలో లాలాజలం ఊరదు, నాలుక అడ్డు రాదు, ఊపిరి తేమ తగలదు, ప్లాస్టిక్ పంటిలో కొల్లాజెన్ ఉండదు. చెంబు ఆకారంలో గుంత తొలచడం ఆ బొమ్మ మీద చక్కగా వస్తుంది, ఎంత తడి ఉంచాలన్న తెలివిడి మాత్రం రాదు. పంటిని నోటి తడి నుంచి వేరు చేసే రబ్బరు తెరను శాన్‌ఫర్డ్ బార్నమ్ 1864లోనే వాడాడు. బంధం గట్టిదనం ఆ తెర మీద అంతగా ఆధారపడి ఉన్నా, నేను చూసిన చాలా దంతశాలల్లో దూది ఉండలతోనే పని జరిపిస్తున్నారు. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం వచ్చింది. కొత్త పాఠ్యప్రణాళిక రాసేవారు రబ్బరు తెర వేయడాన్ని, తడిని కంటితో అంచనా కట్టడాన్ని పళ్ళు తొలచడంతో సమానమైన పరీక్షాంశాలుగా చేయాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

సంకర పొరకు మరో శత్రువు పంటిలోనే ఉంది. పన్ను ఏర్పడేనాడే డెంటిన్‌లో చిక్కుకుపోయిన కొన్ని ఎంజైములు ఆమ్లం తగలగానే మేలుకుని, రెసిన్ కప్పని కొల్లాజెన్‌ను ఏళ్ళ తరబడి మెల్లగా కొరుకుతాయి. అందువల్లనే డెంటిన్‌కు ఆమ్లాన్ని విడిగా పూయని పద్ధతులు ప్రచారంలోకి వచ్చాయి. జపాన్‌లో 1980ల తొలినాళ్ళలో తయారైన ఎం.డి.పి. అనే అణువు చివర ఉన్న ఫాస్ఫేటు పంటిలోని కాల్షియంతో నేరుగా రసాయన బంధం ఏర్పరచుకుంటుంది. ఖనిజాన్ని పూర్తిగా తీసివేయదు కాబట్టి వల నగ్నంగా మిగలదు. ఎనామిల్ మీద మాత్రం ఇప్పటికీ బ్యూనోకోర్ ఆమ్లమే మేలైనది. చాలామంది వైద్యులు ఎనామిల్ అంచుకు జెల్ పూసి, డెంటిన్‌ను ఎం.డి.పి.కి వదిలేస్తున్నారు. బ్రాడీపేట పాఠకురాలు చూసిన నీలం జెల్ కుమారుడి పంటి అంచుల మీదే ఉండి, లోపలి భాగం మీద లేకపోతే, ఆ దంతవైద్యురాలు చేసినది ఈ పద్ధతే.