వరిలో యూరియా: చేను నల్లబడినంత మాత్రాన గింజ పండదు

నాట్లు వేసి నెల తిరగకముందే మొదలవుతుంది ఈ ప్రశ్న. "పక్క చేను నల్లగా నిగనిగలాడుతోంది సార్, మాది తేలిపోయినట్టుంది. ఇంకో బస్తా చల్లమంటారా?" అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే చల్లేసి ఉంటారు. తప్పు వాళ్లదని అనను. ఎరువుల కొట్టులో ఒకరు, చెరువు కట్ట మీద ఇంకొకరు, వాట్సాప్‌లో ఊరూ పేరూ లేనివాడొకడు, అందరూ ఒకే పాట పాడుతుంటే మనిషి ఎంతకని ఆగుతాడు?

అపోహ: యూరియా ఎంత వేస్తే అంత దిగుబడి. చేను ఎంత నల్లగా ఉంటే అంత బాగున్నట్టు.

రైతు జేబుకు పెద్ద చిల్లు పడేది ఇక్కడే కాబట్టి దీని మీదే ఎక్కువ రాస్తాను. మిగతావి చివర్లో.

ముందు లెక్క చూద్దాం. మన రెండు రాష్ట్రాల్లో వరికి నేలను, రకాన్ని, కాలాన్ని బట్టి ఎకరాకు సుమారు 40 నుంచి 48 కిలోల నత్రజని సరిపోతుంది. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం చొప్పున 20.7 కిలోల నత్రజని ఉంటుంది. దమ్ములో, అంటే నాట్లకు ముందు మడిని బురదగా దున్నేటప్పుడు, వేసే ఒక బస్తా డీఏపీతో (నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు) ఇంకో 9 కిలోలు వస్తుంది. 40 కిలోలు కావాలంటే మిగిలిన 31 కిలోలకు యూరియా బస్తాన్నర చాలు. 48 కావాలన్నా రెండు బస్తాలు పూర్తిగా పట్టవు. మరి పొలంలో జరుగుతున్నదేమిటి? డీఏపీ ఒకటి, యూరియా మూడు, మధ్యలో "బలానికి" 28-28 (నత్రజని, భాస్వరం చెరి 28 శాతం ఉన్న ఎరువు) ఒకటి. కూడి చూడండి: 9, 62, 14. అంటే 85 కిలోలు! అవసరానికి దాదాపు రెట్టింపు.

బస్తా రూ.266.50కే వస్తుంది కాబట్టి ఎక్కువ వేసినా నష్టమేముందిలే అనిపిస్తుంది. నష్టం ఆ రోజు కనిపించదు, ఇంకో నెలా నెలన్నరకు పురుగుమందు బిల్లులో కనిపిస్తుంది. సుడిదోమకు (వరి మొదళ్లలో చేరి రసం పీల్చే పురుగు) చేసే ఒక్క పిచికారీకే మందు, కూలీ కలిపి ఆ బస్తా ధరకు ఎన్నో రెట్లు అవుతుంది.

నత్రజని మోతాదు మించితే మొక్క ఆకు పెంచుతుందే గాని కాండాన్ని గట్టిపరచదు. కణాల గోడలు పలచబడతాయి. ఆకు, కాండం మెత్తగా, రసంతో నిండి ఉంటాయి. ఆ రసంలో సుడిదోమకు కావలసిన పోషకాలు దండిగా దొరుకుతాయి, అది గుడ్లూ ఎక్కువ పెడుతుంది. పైన ఆకు కమ్మేసి అడుగున గాలీ వెలుతురూ ఆడవు, ఎప్పుడూ చెమ్మే. దోమకూ పాముపొడ తెగులుకూ సరిగ్గా కావలసింది అదే. అగ్గితెగులు, ఎండాకు తెగులు కూడా ఇలాంటి చేలనే ముందు పట్టుకుంటాయి. సాంబ మసూరి వేసినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ తెగుళ్లకు, దోమకు తట్టుకునే శక్తి ఆ రకానికి తక్కువ.

గట్టు మీద నిలబడి చూస్తే దోమ కనబడదు. మడిలోకి దిగి, బాగా నల్లగా ఉన్న చోట దుబ్బును రెండు చేతులతో విడదీసి, నీటికి బెత్తెడు పైన మొదళ్లు చూడండి. గోధుమ రంగులో, గింజలో సగం కూడా లేని పురుగులు అలికిడికి పక్కకు జరుగుతూ కాండం వెనక్కి పోతుంటాయి. అదే దుబ్బును అరచేత్తో రెండు సార్లు తడితే నీళ్లలో రాలి తేలతాయి, లెక్కపెట్టండి. పిలకలు వేసే దశలో దుబ్బుకు 10–15, ఈనిక దశలో 20–25 ఉంటే మందు కొట్టాల్సిందే. చేలో అక్కడక్కడా గుండ్రంగా ఎండి, సుడి తిరిగినట్టు పడిపోయాక చూస్తే ఆ మేర పంట మీద ఆశ వదులుకోవాలి. ఇక ఆ చుట్టుపక్కలదే కాపాడుకోగలం.

మందు కొట్టేటప్పుడు రెండు పొరపాట్లు దాదాపు అందరూ చేస్తున్నారు. ఒకటి, ఆకుల పైన తడిపి వచ్చేయడం. దోమ ఉన్నది మొదట్లో కాబట్టి మందు అక్కడికి చేరకపోతే డబ్బు గాలికి పోయినట్టే. నీళ్లు తీసేసి, పాయలు తీసి, గొట్టం మొదళ్ల వైపు వంచి కొట్టాలి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తూర్పు పడమరలుగా వదిలితే ఈ తిప్పలు సగం తగ్గుతాయి. "అంత నేల వృథా కదా" అంటారు గానీ బాట పక్కన వరసల్లో పిలకలు ఎక్కువొచ్చి ఆ లోటు పూడుతుంది. రెండోది, ఏ మందైనా ఒకటేననుకుని సింథటిక్ పైరెత్రాయిడ్ కొట్టడం. అది దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపుతుంది, దోమ మళ్లీ రెట్టింపుగా పుంజుకుంటుంది. లీటరు నీటికి పైమెట్రోజిన్ 0.6 గ్రాములు గానీ డైనోటెఫ్యురాన్ 0.4 గ్రాములు గానీ వాడండి. దోమ కనబడిన చేలో యూరియా మాట ఎత్తొద్దు.

ఇంకో నష్టం చేను పడిపోవడం. నత్రజని ఎక్కువైతే కింది కణుపులు సాగి బలహీనపడతాయి. గింజ పాలు పోసుకుని కంకి బరువెక్కే వేళకు ఒక వాన, నాలుగు ఈదురుగాలులు చాలు. పడిన కంకి నీళ్లలో నాని మొలకెత్తుతుంది, రంగు మారుతుంది, కొనుగోలు కేంద్రంలో పేచీ వస్తుంది. పైగా కోత మిషను అద్దె గంటల లెక్క. నిలబడ్డ చేను గంటలో కోసే మిషను పడిపోయినదాన్ని అంత తొందరగా కోయలేదు, గింజా రాలుతుంది.

వానాకాలంలో ఈ బెడద ఎక్కువ. ఆగస్టు, సెప్టెంబరుల్లో రోజుల తరబడి మబ్బు పట్టి ఉంటుంది. ఎండ లేనిదే ఆ నత్రజనిని మొక్క గింజగా మార్చుకోలేదు, ఆకులోనే పెట్టుకుంటుంది. యాసంగిలో, అదే దాళ్వాలో, నత్రజని సిఫారసు కొంచెం ఎక్కువ ఉండేది ఎండ బాగా ఉంటుంది కాబట్టే. యాసంగి మోతాదు తెచ్చి వానాకాలంలో చల్లితే దోమను పిలిచి పెట్టినట్టే.

వాస్తవం: ఎంత వేశామన్నదాని కంటే ఎప్పుడు, ఎలా వేశామన్నదే ముఖ్యం

నీళ్లు నిలిచిన మడిలో వేసిన నత్రజనిలో మామూలుగా మొక్కకు దక్కేది 30–40 శాతమే. మిగతాది అమ్మోనియాగా గాల్లోకి, నైట్రేటుగా నేల లోపలికి, పొర్లే నీటితో పక్క మడిలోకి పోతుంది. మధ్యాహ్నం ఎండలో నిండా నీరున్న మడిలో యూరియా చల్లితే మరీ నష్టం. పాచి వల్ల పగటిపూట ఆ నీటి ఉదజని సూచిక (పీహెచ్) పెరుగుతుంది, అమ్మోనియా తొందరగా ఎగిరిపోతుంది.

అందుకే ఒకేసారి కాకుండా మూడు దఫాలుగా వేయాలి: దమ్ములో గానీ నాటిన పది పదిహేను రోజుల లోపు గానీ ఒకసారి, బాగా పిలకలు వేసేటప్పుడు ఒకసారి, కాండం లోపల పిల్ల కంకి రూపు కట్టే అంకురం దశలో ఒకసారి. చల్లే ముందు నీళ్లు తీసేసి బురద పదును మీద ఉంచాలి. మంచు ఆరాక చల్లాలి, తడి ఆకు మీద పడితే అంటుకుని మాడుస్తుంది. 36 నుంచి 48 గంటలాగి మళ్లీ పలచగా నీళ్లు పెట్టాలి. గట్టుకు ఎండ్రకాయ బొక్కలుంటే ముందు అవి పూడ్చండి. ఓపిక ఉన్నవాళ్లు 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు నీడలో ఉంచి చల్లితే ఇంకా నిదానంగా అందుతుంది. 2015 నుంచి మన దగ్గర అమ్మే యూరియాకు వేపనూనె పూత ఉంటోంది, కానీ పూత ఉంది కదా అని నిండు నీళ్లలో గుమ్మరిస్తే అది కాపాడదు.

మూడో దఫా విషయంలో చాలామంది పొరపడతారు. పొట్ట కనబడ్డాక, ఇంకొందరు కంకి తొంగి చూశాక వేస్తారు, "గింజ బరువుకు" అని. అప్పటికే కంకిలో గింజల లెక్క తేలిపోయి ఉంటుంది. ఆ యూరియా మెడవిరుపుకు, దోమకు, కోత ఆలస్యానికి తప్ప దేనికీ పనికిరాదు. అంకురం దశ 120 రోజుల రకాల్లో నారు పోసిన 55–60 రోజులకు, 150 రోజుల రకాల్లో దాదాపు 85 రోజులకు వస్తుంది. రోజుల లెక్క మీద నమ్మకం లేకపోతే ఒక దుబ్బులో తల్లి పిలకను వేళ్లతో పెరికి, మొదలు నుంచి బ్లేడుతో నిలువునా చీల్చండి. పై కణుపుకు కాస్త పైన తెల్లగా, నూగు నూగుగా, మిల్లీమీటరో రెండో ఉన్న మొన కనబడితే అదే పిల్ల కంకి. వేయాల్సింది అప్పుడు. పొటాష్ రెండో సగం కూడా అప్పుడే. ఎకరాకు మొత్తం 27 కిలోల ఎంఓపీ (పొటాష్ ఎరువు) అయితే సగం దమ్ములో, సగం ఇప్పుడు. తెగులును తట్టుకునే శక్తీ, గింజ నాణ్యతా దీనితో వస్తాయి. యూరియాకు పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించమంటే మాత్రం ఎవరూ వినరు.

"మరి ఆకు చూసి ఎలా తెలుస్తుంది?" అంటే ఆకు రంగుల పట్టిక ఉంది, లేత నుంచి ముదురు దాకా పచ్చ రంగు గళ్లు ఉంటాయి దాని మీద. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును తుంచకుండా పట్టిక మీద పెట్టి, మీ ఒంటి నీడలో పోల్చండి. ఎండలో చూస్తే తప్పు చెబుతుంది. ఉదయం ఎనిమిది, పది మధ్య, ప్రతిసారీ ఒకే మనిషి, పది దుబ్బులు. చాలా రకాలకు 4వ గడి హద్దు. పదిలో ఆరు అంతకన్నా లేతగా ఉంటేనే ఎకరాకు 25–30 కిలోల యూరియా వేయండి, లేదంటే వారం పది రోజులాగి మళ్లీ చూడండి. ఆరోగ్యంగా ఉన్న వరి చిలకపచ్చ కంటే కాస్త ముదురు రంగులో ఉంటుందే గాని నల్లగా ఉండదు.

ఒక మినహాయింపు ఉంది. ముంపులో మునిగి తేలిన చేనుకు నీళ్లు తీశాక ఎకరాకు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ అదనంగా వేయొచ్చు. అది కోలుకోవడానికి.

మిగతావి, క్లుప్తంగా

*"ఆకు పసుపు పడితే యూరియా లోపమే."* ముదురాకులు మొత్తం సమానంగా పాలిపోతే అవును. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో పైనుంచి మూడో, నాలుగో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలొచ్చి, మధ్య ఈనె మొదట్లో తెల్లబడి, చేను గిడసబారితే అది జింకు లోపం. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు. పురుగుమందుతో కలపొద్దు. దమ్ములో వేసేటట్టయితే ఎకరాకు 20 కిలోలు, డీఏపీకి రెండు మూడు రోజుల ఎడం ఇవ్వాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి కట్టేస్తాయి. వేళ్లు నల్లబడి, పీకితే కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఏ ఎరువూ వద్దు, రెండు రోజులు మడి ఆరగట్టండి.

*"పైపాటుగా డీఏపీ, 28-28 వేస్తే గింజ గట్టిపడుతుంది."* భాస్వరం నేలలో కదలదు. మొత్తం దమ్ములోనే వేయాలి. ఆ తర్వాత వేసిన భాస్వరం ఖర్చే.

*"గుళికలు వేస్తే పిలకలు వస్తాయి."* గుళికలు కాండం తొలిచే పురుగుకు, పిలకలకు కాదు. దుకాణంలో యూరియాతో పాటు అంటగడితే వద్దని చెప్పండి.

*"నానో యూరియా సీసా ఒకటి, బస్తా ఒకటి సమానం."* 4 శాతం నత్రజని ఉన్న 500 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 20 గ్రాములు. బస్తాలో 20 కిలోలు. ఆకు మీద కొట్టుకోవాలనుకుంటే కొట్టుకోండి గాని దాన్ని నమ్ముకుని మొదటి రెండు దఫాలు మానేయొద్దు.

*"యూరియా ఇక దొరకదట, ఇప్పుడే పది బస్తాలు తెచ్చి పెట్టుకోవాలి."* 2025 వానాకాలంలో తెలంగాణలో చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టి జనం రాత్రిళ్లు పడిగాపులు కాశారు. అలా నిలబడ్డ మనిషికి నీతులు చెప్పడం తేలిక, నేను చెప్పను. కానీ పుకారుకు బెదిరి అవసరానికి మించి కొంటే పక్క మడివాడికి ఆ ఒక్క బస్తా కూడా దొరకదు, మీ ఇంట్లోది ఎలాగూ చేలోకే పోతుంది, మోతాదు మించి. నాటిన మొదటి వారం నారు ఇంకా కొత్త వేళ్లు తొడుక్కుంటూ ఉంటుంది, పెద్దగా ఏమీ తీసుకోదు. డీఏపీ పడి ఉంటే యూరియా వారం ఆలస్యమైనా పంట పోదు. పూర్తిగా దొరక్కపోతే ఉన్నదాన్ని పిలకల దశకు, అంకురం దశకు దాచండి, మధ్యలో లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేసుకోవచ్చు. జీలుగో జనుమో పచ్చిరొట్టగా పెంచి పూత దశలో కలియదున్నినవాళ్లకైతే నత్రజనిలో పాతిక శాతం తగ్గించుకునే వీలుంది.

*"గడ్డ కట్టిన యూరియా చచ్చిపోతుంది."* చావదు. గాలిలో తేమ పీల్చి గట్టిపడుతుందంతే. బస్తా తడిసి కారిపోయి ఉంటే వేరు సంగతి. కట్టెతో నలగ్గొట్టి, జల్లించి చల్లండి. గడ్డలు గడ్డలుగా వేస్తే అవి పడిన చోట దుబ్బులు మాడతాయి, రెండడుగుల అవతల చేను పసుపుగానే ఉంటుంది, దాన్ని చూసి మళ్లీ ఇంకో బస్తా అంటారు.