కిజ్ల్యార్ కోట మీద షేక్ మన్సూర్ దాడి (1785): అపోహలు - వాస్తవాలు

కిజ్ల్యార్ ఉత్తర కాకసస్‌లో తెరెక్ నది డెల్టాలో రష్యన్లు కట్టుకున్న కోట. షేక్ మన్సూర్ రష్యా మీద తిరుగుబాటు లేవదీసిన చెచెన్ మతనాయకుడు.

(తేదీలన్నీ రష్యా పాత పంచాంగం ప్రకారం. నేటి లెక్కకు 11 రోజులు కలుపుకోండి, 1831 నాటి తేదీకైతే 12.)

అపోహ: రాతి గోడలే కోటను కాపాడాయి.

తెరెక్ నది డెల్టా అంతా ఒండ్రునేల, అక్కడ రాయి ఎక్కణ్ణుంచి వస్తుంది? 1735లో రష్యా, పర్షియాల మధ్య గంజా ఒప్పందం కుదిరాక సులక్ నది తీరాన ఉన్న కోటను ఖాళీ చేసి వచ్చిన రష్యన్లు ఇక్కడ కట్టుకున్నది మట్టికట్ట, దాని ముందు కందకం. అలాగని తేలిగ్గా తీసేయకండి. గుండు దెబ్బకు రాతిగోడ బీటలు వారుతుంది, మట్టిలో మాత్రం దిగబడి ఊరుకుంటుంది. కట్ట ఎక్కాలంటే పైనుంచి తుపాకులు పేలుతుండగానే కట్టెల మోపులతో కందకం పూడ్చి నిచ్చెనలు వేయాలి. లేదా రాత్రిళ్లు వంకరటింకర కాలువలు తవ్వుకుంటూ దగ్గరికి చేరాలి. ఆ పనికి తర్ఫీదైన మనుషులు, వారాల తరబడి తిండిగింజలు కావాలి. ఎవరి తిండి వారు మోసుకొచ్చిన ఊళ్ల దండు అన్నాళ్లు నిలవదు.

అపోహ: అది నెలల తరబడి సాగిన ముట్టడి.

ముట్టడి అనడమే ఎక్కువ. జులై 6న రష్యా సైన్యాధికారి కల్నల్ పియరీ మన్సూర్ ఊరైన ఆల్దీని తగలబెట్టి, తిరుగుదారిలో అడవిలో చిక్కి చనిపోయాడు. అతని రెండు ఫిరంగులు చెచెన్ల చేతికి చిక్కాయి. ఆ ఊపులోనే జులై 15న మన్సూర్ కిజ్ల్యార్ దగ్గరి కార్గిన్ చిన్నకోట మీద పడ్డాడు. నిప్పంటుకుని అందులోని మందుగుండు కొట్టు పేలిపోయింది. అయితే అక్కణ్ణుంచి పెద్దకోట వైపు సాగిన దండు చిత్తడిలో దిగబడింది, కోట ఫిరంగులకు అదే అదను. ఆగస్టు 19-21 మధ్య ఇరుగుపొరుగు కుమిక్, దాగెస్తాన్, కబర్దా వాళ్లను కూడా కలుపుకుని మరింత పెద్ద బలగంతో వచ్చాడు. కట్ట దగ్గర రష్యా సరిహద్దు సైనికులైన కొసాక్కులు, బయట చతురస్రంగా నిలిచిన తోమ్‌స్క్ పదాతి రెజిమెంటు ఆ దాడులను తిప్పికొట్టాయి. రెండు ఫిరంగులు చిక్కినంత మాత్రాన ఫిరంగి దళం తయారైపోదు.

అపోహ: తిరుగుబాటుదారులకు గుడ్డి ఆవేశమే తప్ప యుద్ధవిద్య తెలియదు.

నవంబరు మొదట్లో తెరెక్ ఒడ్డునే ఉన్న తాతార్‌తూప్ దగ్గర రష్యన్ల మీదికి వాళ్లు చక్రాల మీద నడిచే అడ్డుగోడలను తోసుకుంటూ వచ్చారు: రెండు వరసల దుంగలు, మధ్యలో కూరిన మట్టి. కిజ్ల్యార్ కట్ట నేర్పిన పాఠమేనేమో! అక్కడా ఓడారు, అది వేరే సంగతి.

అపోహ: మన్సూర్ నిజానికి బోయెత్తి అనే ఇటలీ సన్యాసి.

ఒట్టి కట్టుకథ. 1791లో నల్లసముద్రం ఒడ్డున ఉన్న టర్కీ కోట అనాపాలో రష్యన్లకు పట్టుబడ్డాక జరిగిన విచారణలో తాను ఆల్దీలో పుట్టిన చెచెన్‌నని చెప్పాడు. అసలు పేరు ఉషుర్మా.

అపోహ: కిజ్ల్యార్‌లోకి కాకసస్ కొండవాళ్లు ఎన్నడూ అడుగుపెట్టలేదు.

1831 నవంబరు 1న దాగెస్తాన్‌లో రష్యా మీద పోరు నడిపిన ఇమామ్ గాజీ ముహమ్మద్ మనుషులు పట్టణంలోకి చొరబడి దోచుకుని, బందీలను తీసుకుపోయారు. కోట జోలికి మాత్రం పోలేదు.